చాప మీద కూర్చుంటే ‘నేను’ పోతుందా? లంగర్ వెనక ఉన్న లెక్క

2024 డిసెంబరు మొదటి వారంలో టీవీల్లో ఒక దృశ్యం పదే పదే తిరిగింది. పంజాబ్ మాజీ ఉప ముఖ్యమంత్రి సుఖ్‌బీర్ సింగ్ బాదల్ నీలి రంగు సేవాదారు దుస్తుల్లో, మెడలో పలక, చేతిలో ఈటెతో అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో కూర్చున్నారు. లంగర్‌లో ఎంగిలి గిన్నెలు కూడా కడిగారు. సిక్కుల అత్యున్నత మతపీఠం అకాల్ తఖ్త్ ఆయన్ని ‘తన్‌ఖాయియా’గా, అంటే మతపరంగా తప్పు చేసినవాడిగా, ప్రకటించి వేసిన శిక్ష అది. డిసెంబరు 4న అదే గుమ్మం దగ్గర ఆయన మీద కాల్పులు జరిగాయి. గుండు తగల్లేదు గానీ, ఆ తర్వాత చర్చంతా భద్రత మీదికి మళ్లింది.

గిన్నెల సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. అదే వంటశాలలో రోజూ వేలమంది తమంతట తాము వచ్చి గిన్నెలు కడుగుతారు. దాన్ని పుణ్యమంటారు, సేవ అంటారు. మరి ఒకరికి సేవ అయింది ఇంకొకరికి శిక్ష ఎలా అయింది? మనలో చాలామందికి లంగర్ అంటే ‘గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనం’. ఆ అర్థంతో చూస్తే ఈ ముడి విడదు. దీని మొదలు అన్నంలో లేదు, ‘నేను’ అనే మాటలో ఉంది.

‘హౌమై’ అంటే పొగరు కాదు

సిక్కు గ్రంథాల్లో ఈ జబ్బు పేరు ‘హౌమై’. ‘హౌ’ అన్నా నేనే, ‘మై’ అన్నా నేనే. రెండూ కలిపితే ‘నేను-నేను’. తెలుగులో అహంకారం అని రాసేస్తుంటారు గానీ అది సరిపోదు. అహంకారం అనే మాట సిక్కు సంప్రదాయంలో విడిగా ఉంది. కామం, క్రోధం, లోభం, మోహం, అహంకారం అనే అయిదుగురు దొంగల్లో అది ఒకటి. ఆ అయిదుగురూ దూరేది హౌమై తెరిచిన తలుపులోంచే.

తేడా ఒక ఉదాహరణతో తేలిపోతుంది. ఒకాయన గుడికి పది వేలు చందా ఇచ్చి, మైకులో తన పేరు చెప్పించుకున్నాడు. అది అహంకారం, అందరికీ కనబడుతుంది. ఇంకొకాయన కూడా పది వేలే ఇచ్చాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఇంటికి నడిచి వస్తూ ‘నేనైతే పేరు కూడా చెప్పించుకోలేదు’ అనుకున్నాడు. అది హౌమై. ఎవరికీ కనబడదు, ఒక్కోసారి ఆయనకు కూడా. ఈ లెక్కన మెత్తగా మాట్లాడేవాడికీ, చేతులు కట్టుకుని నిలబడేవాడికీ హౌమై ఉండొచ్చు. తానొక విడి ముక్కననీ, చేసేదీ పొందేదీ తానేననీ అనుకోవడమే దాని అసలు రూపం.

‘ఆసా దీ వార్’లో గురు నానక్ (1469–1539) దీని జాబితా రాశారు. రావడం, పోవడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, సంపాదించడం, పోగొట్టుకోవడం, అబద్ధమాడటం, నిజం చెప్పడం అన్నీ హౌమైలోనే అంటారు. అబద్ధం సరే, నిజం చెప్పడం కూడానా? ఇవ్వడం కూడానా? అవును, కూడానే. అదే రచనలో రెండో గురువు అంగద్ వాక్యం ఒకటి ఉంది: హౌమై మొండి రోగం, దాని మందు కూడా దానిలోనే ఉంది. ఈ రెండో సగానికి వ్యాఖ్యాతలు రకరకాలుగా అర్థం చెప్పారు. గురువు దయ కలిగితే, ఈ ‘నేను’ ఉన్న మనిషే శబ్దాన్ని, అంటే గురువు మాటను, పట్టుకుని బయటపడతాడని ఎక్కువమంది చెప్పేది. ఎంగిలి పళ్లెం కడగడానికి వంగవలసింది కూడా ఆ ‘నేనే’ కదా. లంగర్ అర్థం కావాలంటే ఈ కీలు గుర్తుంచుకోవాలి.

బూరుగు చెట్టు, తరాజు

వినయాన్ని గురించి గురు నానక్ చెప్పిన పోలిక తెలుగువాళ్లకు నిఘంటువు లేకుండా అర్థమవుతుంది. ఆయన చెప్పింది ‘సిమ్మల్’ చెట్టు గురించి, అంటే మన బూరుగు. బాణంలా నిటారుగా, బాగా ఎత్తుగా, లావుగా పెరుగుతుంది. పక్షులు ఆశతో వచ్చి వాలతాయి. పండు చప్పన, పూవు వెగటు, ఆకు దేనికీ పనికిరాదు. వచ్చినవి వచ్చినట్టే పోతాయి. తియ్యదనం ఉండేది తగ్గి ఉండటంలో, మంచి గుణాల సారం అదేనంటారాయన.

వెంటనే తరాజు వస్తుంది. తెలంగాణలో త్రాసును ఇప్పటికీ తరాజు అనే అంటారు, ఆయన వాడిందీ అదే మాట. తూచినప్పుడు ఏ వైపు కిందికి వంగుతుందో ఆ వైపే బరువెక్కువ. వినయాన్ని పొగడటానికి ఇంతకన్నా చక్కటి పోలిక దొరకదు, ఇంకో కవి అయితే అక్కడ ఆపేసేవాడు. నానక్ ఆపలేదు. జింకను వేటాడేవాడు మామూలు మనిషికి రెండింతలు వంగుతాడు, లోపల మలినం పెట్టుకుని తల వంచితే ఏమొస్తుందని అడిగారు. వంగిన నడుము వినయానికి సాక్ష్యం కాదన్నమాట. లంగర్ మీద ఇవాళ వచ్చే విమర్శల్లో సగం, అయిదు వందల ఏళ్ల కిందటే ఆ వేటగాడి పోలికలో ఉన్నాయి.

వంటశాల ఎప్పటిది?

నానక్ జీవితంలో చివరి భాగం రావి నది ఒడ్డున కర్తార్‌పుర్‌లో గడిచింది. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. 2019 నవంబరులో తెరిచిన కారిడార్ అక్కడికే. ఆయన అక్కడ సొంతంగా సేద్యం చేశారు, వచ్చినవాళ్లు కలిసి పాడారు, కలిసి తిన్నారు. కష్టపడి సంపాదించు, నామం జపించు, పంచుకుని తిను అని సిక్కులు చెప్పే మూడు సూత్రాలకు అక్కడి దినచర్యే నమూనా.

వంటశాలను నిలబెట్టింది మాత్రం ఒక స్త్రీ. రెండో గురువు భార్య మాతా ఖీవీ. గురు గ్రంథ్ సాహిబ్‌లో సత్తా, బల్వండ్ అనే ముస్లిం గాయకులు రాసిన వార్ (గాథాగీతం) ఒకటుంది. అందులో ఆమె దట్టమైన నీడనిచ్చే చెట్టులాంటిదనీ, ఆమె లంగర్‌లో నెయ్యి వేసిన ఖీర్ పంచేవారనీ ఉంది. పవిత్ర గ్రంథంలో వంటకం పేరు, నెయ్యితో సహా నమోదు కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. పేదలకు పెట్టే కూడు కదా అని గంజి పోయలేదని దానర్థం.

మూడో గురువు అమర్‌దాస్ గోయింద్‌వాల్‌లో దీన్ని నియమంగా మార్చారు: ముందు పంగత్ (వరుస), తర్వాత సంగత్ (భక్తుల సభ). వరుసలో కూర్చుని తిన్నాకే గురుదర్శనం. అక్బర్ చక్రవర్తి కూడా అలా తిన్నాకే గురువును కలిశాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది.

పుట్టుక గురించి ఒక చర్చ ఉంది. లంగర్ అనేది పారసీ నుంచి వచ్చిన మాట, హైదరాబాద్ లంగర్‌హౌజ్ పేరులో వినబడేదీ అదే. నానక్‌కు ముందే పంజాబ్‌లో సూఫీల ఆశ్రమాలైన ఖాన్‌ఖాల్లో లంగర్‌లు నడిచేవి. బాబా ఫరీద్ ఆ పరంపరవాడు, ఆయన పద్యాలు గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి కూడా. అందుకని కొందరు చరిత్రకారులు దీన్ని సూఫీల దగ్గర్నుంచి వచ్చిన ఆచారంగా చూస్తారు. మాట అక్కడిదే కావచ్చు గానీ పని మారిందని ఇంకొందరు అంటారు. ఆకలిగొన్న బాటసారికి పెట్టడం ఒకటి, తినేవాళ్లే వండాలి, వండేవాళ్లే కడగాలి, అందరూ ఒకే వరుసలో కూర్చోవాలి అనడం ఇంకొకటి. రెండూ నిజమే కావచ్చని నాకనిపిస్తుంది. ఆ కాలంలో ఎవరు తింటున్నారన్నదే కాదు, ఎవరు వండారన్నది అసలు ప్రశ్న. లంగర్ వేలు పెట్టింది అక్కడ.

వరుసలో కూర్చున్నాక

లోపల ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరనుంచి చూడండి. హైదరాబాద్ గౌలిగూడ గురుద్వారాలోనైనా, విశాఖలో గురుద్వారా జంక్షన్ అని ఏకంగా కూడలికే పేరొచ్చిన చోటైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. చెప్పులు విడిచి, తలమీద గుడ్డ కప్పుకుని, చేతులు కడుక్కుని వెళితే హాల్లో పొడుగ్గా పరిచిన పట్టీలుంటాయి. ఎవరి పక్కన ఖాళీ ఉంటే వాళ్ల పక్కనే కూర్చోవాలి. అరలున్న స్టీలు పళ్లెం వస్తుంది. బకెట్లతో సేవాదార్లు వరుస వెంట నడుస్తూ పప్పు పోస్తారు. ‘దాల్ జీ’, ‘జల్ జీ’ అంటూ పప్పుకీ నీళ్లకీ కూడా గౌరవం జోడిస్తారు. రొట్టెను రొట్టె అనరు, ‘పర్‌శాదా’ అంటారు.

ఆ పర్‌శాదా దగ్గరే నేను తడబడ్డాను. కుడి చెయ్యి అప్పటికే పప్పులో ఉంది, ఎంగిలి చెయ్యి. మన అలవాటు ప్రకారం పళ్లెం కాస్త ముందుకు జరిపి, అందులో వెయ్యమన్నట్టు చూశాను. వడ్డించే కుర్రాడు వెయ్యకుండా నిలబడ్డాడు. పక్కన కూర్చున్న పెద్దాయన మోచేత్తో పొడిచి, తన రెండు చేతులు దోసిలి పట్టి చూపించాడు. ఎంగిలో, ఎడమో, రెండూ కలిపి పట్టాల్సిందే. దోసిట్లో రొట్టె పడ్డాక అర్థమైంది. కారు తాళాలు తిప్పుతూ లోపలికి వచ్చినవాడు కూడా ఇక్కడ దోసిలి పట్టక తప్పదు. ఆకలి ఉన్నవాడు పట్టే భంగిమలోనే ఆకలి లేనివాడూ అన్నం అందుకోవాలి.

ఒక ముచ్చట. నిహంగ్ అనే యోధ శాఖ సిక్కుల మాటల్లో సరుకులు అయిపోతే అయిపోయాయి అనరు, ‘లంగర్ మస్తానా’ అంటారు, లంగర్ మత్తెక్కి ఊగుతోందని. ఇంట్లో బియ్యం అయిపోతే మన అమ్మమ్మలు ‘నిండుకున్నాయి’ అన్నట్టే. వంటింట్లో ‘లేదు’ అనే మాట అటూ ఇటూ ఎవరికీ నచ్చలేదు.

మన అన్నదానమూ, లంగరూ ఒకటేనా?

పైకి ఒకటే. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం రోజూ వేల మందికి కడుపు నింపుతోంది. స్వర్ణ దేవాలయం లంగర్‌లో రోజుకు 50 వేల నుంచి లక్ష మంది తింటారని అంచనా. లంకల గన్నవరంలో దొక్కా సీతమ్మ వేళాపాళా లేకుండా వండిపెట్టిన కథ గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లుండరు.

తేడా మాటలోనే ఉంది. అన్నదానంలో దాత ఒకరు, గ్రహీత ఒకరు. పుణ్యం దాతది. లంగర్‌ను సిక్కులు దానం అనరు, ‘వండ్ ఛక్‌నా’ అంటారు, పంచుకుని తినడం. ఇచ్చినవాడూ అదే చాప మీద తింటాడు. ఆచరణలో ఈ గీత చెరిగిపోతుందన్న సంగతీ ఒప్పుకోవాలి. లంగర్‌కు సరుకులిచ్చి మొక్కు తీర్చుకునే సిక్కులున్నారు, పేరు చెప్పకుండా అన్నదానానికి పంపే తెలుగువాళ్లున్నారు.

లంగర్‌కు మన భాషలో అసలు చుట్టం ఇంకో మాట: పంక్తి. పంగత్, పంక్తి ఒకే వేరు నుంచి వచ్చాయి. మన దగ్గర పంక్తి చేసిన పని వేరు. ‘పంక్తి భేదం’, ‘పంక్తి బాహ్యుడు’ అనే మాటలు పుట్టాయంటే వరుస కలపడానికి కాదు, విడదియ్యడానికే ఎక్కువ వాడామన్నమాట. పాత సత్రాల్లో కులాన్ని బట్టి వేరే వడ్డనలుండేవి. అందుకే సంఘసంస్కర్తలు ‘సహ’ అని ముందు చేర్చి సహపంక్తి భోజనాలు పెట్టాల్సి వచ్చింది. వాళ్లకన్నా శతాబ్దాల ముందే పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన ‘చాపకూడు’ కథ ఉంది. కారంపూడి వీరారాధన ఉత్సవాల్లో ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. చాపకూడు మనకు ఏటా ఒకసారి వచ్చే జ్ఞాపకం, లంగర్ వాళ్లకు ఏ పూటకాపూట జరిగే పని.

బల్లలు వచ్చాక నెత్తురు కారింది

నేల మీద కూర్చోవడమే సమానత్వమా, లేక ఎక్కడైనా అందరూ ఒక్కలా కూర్చుంటే చాలా? ఇది కెనడాలో చిన్న గొడవగా మిగల్లేదు. బ్రిటిష్ కొలంబియాలోని కొన్ని గురుద్వారాల్లో దశాబ్దాలుగా లంగర్ హాల్లో బల్లలు, కుర్చీలు ఉండేవి. 1997 జనవరిలో సర్రీ పట్టణంలో ఈ విషయం మీద గుడిలోనే కొట్టుకున్నారు, కత్తులు దూశారు. 1998 ఏప్రిల్‌లో అకాల్ తఖ్త్ అధిపతి (జతేదార్) లంగర్‌లో బల్లలు తీసెయ్యాలని హుకుంనామా, అంటే మతపరమైన ఆజ్ఞ, ఇచ్చారు. ఒప్పుకోని కొందరు నాయకుల్ని పంథ్ నుంచి, అంటే సిక్కు సమాజం నుంచి, వెలివేశారు.

తీసెయ్యాలన్నవాళ్ల వాదన: కుర్చీలో కూర్చుంటే హోటల్లో కూర్చున్నట్టే ఉంటుంది, శరీరం కిందికి దిగితేగానీ మనసు దిగదు, నానక్ నాటి పద్ధతి సౌకర్యం కోసం మార్చేది కాదు. ఉంచాలన్నవాళ్ల వాదన: చలిదేశం, మోకాళ్లు అరిగిన ముసలివాళ్లు, అందరికీ ఒకే రకం కుర్చీ ఉన్నప్పుడు ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ? దీని వెనక గురుద్వారా కమిటీల పట్టు కోసం జరిగిన రాజకీయం ఉందని రెండు పక్షాలూ ఎదుటివాళ్ల మీద నేరం మోపుకున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల చాపలు పరిచి, కూర్చోలేనివాళ్లకు పక్కన బెంచీలు వేస్తున్నారు. నన్నడిగితే రెండో పక్షం తర్కం గట్టిది, మొదటి పక్షం అనుభవం గట్టిది. మోకాళ్లు బాగున్న మనిషి నేల మీద కూర్చుని పైకి చూస్తూ అన్నం అందుకోవడంలో ఉన్నది బల్ల దగ్గర రాదు.

ఏం వండాలన్న చర్చ ఇంత ముదరలేదు. లంగర్‌లో శాకాహారమే, ఎందుకంటే ఏ మతంవాడూ వరుసలోంచి లేచిపోవాల్సిన అవసరం రాకూడదు. నిహంగుల్లోనూ, గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన మన గోదావరి ఒడ్డు నాందేడ్ సంప్రదాయంలోనూ జట్కా మాంసం (ఒక్క వేటుతో నరికిన జంతువుది) ఉంది, అది వేరే లెక్క.

చాప దిగాక కులం

ఇక్కడ నొప్పి ఎక్కువ. 2011 లెక్కల్లో పంజాబ్ జనాభాలో షెడ్యూల్డు కులాలవాళ్లు దాదాపు 32 శాతం. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేరు. కులం లేదన్న మతం బలంగా ఉన్న చోట, ఊళ్లో భూములున్న జాట్‌లకో గురుద్వారా, దళిత సిక్కులైన మజ్‌హబీలకో గురుద్వారా విడిగా కనిపిస్తాయి. శ్మశానాలు కూడా వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. కొన్ని సిక్కు కులాలకు 1950లోనే షెడ్యూల్డు హోదా ఇచ్చారు, 1956లో మిగతావాటికీ విస్తరించారు. మతం కాదన్నదాన్ని చట్టం ఉందని గుర్తించాల్సి వచ్చింది.

1920 అక్టోబరు 12న జరిగింది దీనికి మంచి నమూనా. దళిత కులాల నుంచి సిక్కులైన కొందరు స్వర్ణ దేవాలయానికి కడా ప్రసాదం తెచ్చారు. పూజారులు ‘మేం తీసుకోం’ అన్నారు. వాదన ముదిరి, చివరికి గ్రంథాన్నే అడుగుదామన్నారు. గురు గ్రంథ్ సాహిబ్ తెరిస్తే, గుణం లేనివాళ్లను కూడా దేవుడే క్షమించి సేవకు పెట్టుకుంటాడన్న అర్థం వచ్చే గురు అమర్‌దాస్ పదం వచ్చింది. ప్రసాదం తీసుకోక తప్పలేదు. గురుద్వారాలను మహంతుల చేతుల్లోంచి తప్పించిన ఉద్యమం ఊపందుకున్నది ఆ రోజుతోనే.

ఈ కథను రెండు రకాలుగా చదవొచ్చు. మూలగ్రంథంలో సమానత్వం ఉండబట్టే, అడిగినవాళ్లు దాన్ని పట్టుకుని గెలిచారని ఒకరంటారు. మూడున్నర శతాబ్దాలు ఒకే వరుసలో తిన్నాక కూడా అడగాల్సి వచ్చిందే, ఆ తిండి ఏం మార్చినట్టు అని ఇంకొకరు అడుగుతారు. పూట భోజనంలో చూపించే సమానత్వం, పొలంలోనూ పెళ్లిలోనూ అడగకుండా నోరు నొక్కే ఉపాయమైపోయిందని దళిత సిక్కు రచయితలు కొందరి ఆరోపణ. దీనికి లంగర్ దగ్గర జవాబు లేదు. అది చాప మీది నియమం, భూమి పట్టా కాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆదాయంలో పదో వంతు పక్కన పెట్టే ‘దస్‌వంద్’, చందాలు, రైతులు తెచ్చే ధాన్యం, ఇవే ఆధారం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు నెయ్యి, పంచదార వంటివాటి మీద పన్ను లంగర్‌కూ పడింది. గొడవయ్యాక 2018లో కేంద్రం ‘సేవా భోజ్ యోజన’ పెట్టింది. నెలకు కనీసం 5000 మందికి ఉచితంగా పెట్టే మతసంస్థలకు, ఏ మతమైనా సరే, కేంద్ర పన్ను వాటా తిరిగిస్తారు.

మళ్లీ ఎంగిలి గిన్నెల దగ్గరికి

ఇప్పుడు బాదల్ శిక్షకు వద్దాం. 1988లో మాజీ ముఖ్యమంత్రి సుర్జీత్ సింగ్ బర్నాలా కూడా ఇలాగే మెడలో పలకతో నిలబడ్డారు. తన్‌ఖా అంటే ఉర్దూలో జీతం. మొఘలుల జీతం తిని పంథ్‌కు దూరమైనవాళ్లను తన్‌ఖాయియా అనేవారని, అలా ఆ మాట తప్పు చేసినవాళ్లకు స్థిరపడిందని సాధారణంగా చెప్పే వివరణ.

శిక్షను సమర్థించేవాళ్లు ఇలా అంటారు: ఆయనతో ప్రత్యేకమైన పనేమీ చేయించలేదు, ఏ ట్రక్కు డ్రైవరో, టీచరమ్మో చేసే పనే. పోయింది ఆయన హోదా ఒక్కటే. పూర్తయ్యాక ఆయన మళ్లీ సంగత్‌లో మామూలు మనిషి. తప్పుపట్టేవాళ్లు ఇలా అంటారు: కెమెరాల మధ్య, రాజకీయ లెక్కల మధ్య వంగిన నడుము వేటగాడిదో కాదో ఎలా చెబుతాం? పైగా గిన్నెలు కడగడాన్ని శిక్ష అన్నాక, రోజూ ఇష్టంతో కడిగేవాళ్ల పనికి ఏం విలువ మిగిలింది?

రెండో ప్రశ్నకు ఒక జవాబుంది. 1699లో ఆనంద్‌పుర్‌లో గురు గోవింద్ సింగ్ అయిదుగురికి అమృతం ఇచ్చి ఖాల్సా అనే దీక్ష తీసుకున్న సిక్కుల సంఘంలోకి తీసుకున్నారు. ఆ వెంటనే వాళ్ల ముందే చేతులు జోడించి, నాకూ ఇవ్వండని అడిగారు. పైనున్నవాడు కిందికి దిగడం ఈ సంప్రదాయంలో అవమానం కాదని చెప్పే కథ అది. అయితే ఆయన్ని ఎవరూ దిగమనలేదు. మొదటి ప్రశ్నకు బయటివాళ్లు చెప్పగల జవాబు లేదు, హౌమై బయటికి కనబడేది కాదని మొదట్లోనే అనుకున్నాం.

స్వర్ణ దేవాలయం కొలను చుట్టూ నడిచే పాలరాతి పరిక్రమలో దాతల పేర్లు చెక్కిన పలకలుంటాయి. కొన్ని గోడల్లో, కొన్ని కాళ్ల కింద నేలలో. పేరు చెక్కించుకోవడమంటేనే హౌమై కదా అని అడిగేవాళ్లున్నారు. నేల మీద పేరు రాయించుకుంటే సంగత్ పాదధూళి దాని మీద పడుతుంది, అంతకన్నా ఏం కావాలి అనేవాళ్లూ ఉన్నారు. జనం మాత్రం ఆ అక్షరాలు చదవరు. కాళ్లు కడుక్కుని వచ్చిన తడి పాదాలతో వాటి మీదుగా నడిచి లంగర్ వైపు వెళ్లిపోతారు.